ఉబుంటు 22.04కు పెంచినంక కాంటా ప్రోగ్రాం లేస్తలేదు: ఒకటి పాత లైబ్రరీ అడుగుతది, ఒకటి కొత్తది అడుగుతది

ప్రశ్న: కాంటా_మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లుల లారీ కాంటా చీటీలు కొట్టే మెషీన్ ఇది. దాంట్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04 ఉండె. 2025 మే నెలతో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినయి కాబట్టి 22.04కు పెంచిన. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0 అదే మెషీన్ మీద ఉన్నది, అది మంచిగనే నడుస్తున్నది. మిగిలిన మూడు చోట్ల ఆగిపోయిన.

మొదటిది, అసలు కాంటా ప్రోగ్రాం. సీ ప్లస్ ప్లస్‌ల రాసి 20.04 మీద కట్టిచ్చినది (కంపైల్ చేయించినది). సోర్స్ మా దగ్గర లేదు, చేసిచ్చినోళ్లు ఇప్పుడు దొరుకుతలేరు. లేపితే ఇట్లంటది:

"ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1: క్యానాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్"

లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ. దాని కొత్తది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 ఉన్నది కదా అని దానికే 1.1 పేరుతోని లింకు పెట్టిన. అప్పుడు "వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్" అని మాట మార్చింది.

రెండోది, వడ్ల రిపోర్టు తీసే కొత్త ప్రోగ్రాం. రాసిన పిల్లగాడు తన ల్యాప్‌టాప్‌ల, అంటే 24.04 మీద కట్టిండు. ఇక్కడ "వెర్షన్ జీలిబ్‌సీ_2.38 నాట్ ఫౌండ్" అంటది. జీలిబ్‌సీ అంటే లిబ్‌సీ.ఎస్‌ఓ.6 ఫైలే కదా, అతని ల్యాప్‌టాప్ నుంచి అది తెచ్చి పెడితే నడుస్తదా?

మూడోది, సోర్స్ ఇక్కడనే కడదామని దానికి కావల్సిన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ ప్యాకేజీ పెట్టబోతే, ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీ ఒప్పుకుంటలేదు. "డిపెండ్స్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 (= 3.0.2-0ఉబుంటు1)" కావాలంటది, ఉన్నదేమో అంతకన్నా పైవెర్షన్ అంటది. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్.లిస్ట్ ఫైలుల కొన్ని లైన్లు నేనే ముందట హ్యాష్ పెట్టి మూసిన, అప్‌డేట్ నిదానమైతున్నదని.

కాంటా యంత్రం యూఎస్‌బీ-సీరియల్ తీగతోని వస్తది. యాసంగి వడ్లు మొదలైనయి, ఇప్పుడు చీటీలు చేత్తో రాస్తున్నరు. ఏది ముందుగాల పట్టుకోవాలె?


జవాబు 1: పాలమూరు_సర్వర్లు

అన్నా, ముందుగాల ఒక్క మాట. లిబ్‌సీ.ఎస్‌ఓ.6 ఫైలు ఎక్కడి నుంచీ తేకండి. ఎల్‌ఎస్, సీపీ, సుడో, ఎస్‌ఎస్‌హెచ్, అన్నీ దాని మీదనే నిలబడ్డయి. దానికీ ఎల్‌డీ-లైనక్స్ అనే లోడర్‌కూ వెర్షన్ కలవాలె. ఒక్కటి మార్చి రెండోది వదిలేస్తే మరుక్షణం ఏ కమాండూ నడవదు. తప్పు సరిచేద్దామంటే ఫైలు పేరు మార్చే కమాండు కూడా లేవదు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసుడే గతి.

ఇక మీ మూడు తిప్పలూ చూడ్డానికి ఒక్క తీరుగనే ఉన్నా మూడూ వేరు. కాంటా ప్రోగ్రాంకు మెషీన్ మరీ కొత్తదైంది. రిపోర్టు ప్రోగ్రాంకు అదే మెషీన్ మరీ పాతదైంది. మూడోది లైబ్రరీ జబ్బే కాదు, మీరు మూసిన లైన్ల పని. అందుకే అన్నిటికీ ఒక్క మందు వెతకొద్దు. (కమాండ్లు పలికినట్టు రాస్తున్న, మీరు ఇంగ్లిష్ చిన్నక్షరాల్ల కొట్టండి. జీలిబ్‌సీ_2.38, ఆరిజిన్ మాత్రం పెద్దక్షరాల్ల.)

మూడోది అలకటిది కాబట్టి దాంతోని మొదలుపెడదాం.

ఏపీటీ-క్యాష్ పాలసీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్

డెవ్ ప్యాకేజీ తన జంట లైబ్రరీని అచ్చం అదే నంబరుతోని అడుగుతది, ఒక్క చుక్క తేడా ఉన్నా కుదరదు. మీ మెషీన్‌ల లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 సెక్యూరిటీ అప్‌డేట్ నుంచి వచ్చింది. తరువాత జ్యామీ-అప్‌డేట్స్, జ్యామీ-సెక్యూరిటీ లైన్లు మూసేసిండ్రు (జ్యామీ అంటే 22.04కు ఇంకో పేరు). ఇప్పుడు ఏపీటీకి కనపడే డెవ్ ప్యాకేజీ 2022ల విడుదలైన మొదటి నంబరుదే. మెషీన్‌ల ఉన్నదానితోని అది ఎట్ల కలుస్తది? ఆ రెండు లైన్ల ముందటి హ్యాష్‌లు తీసి "సుడో ఏపీటీ అప్‌డేట్" కొట్టండి. పాలసీల "క్యాండిడేట్" కింద రెండు ప్యాకేజీలకూ ఒక్కటే నంబరు రావాలె. వచ్చిందా, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ నిమిషంల ఎక్కుతది. కొందరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3నే కిందికి దించమని చెప్తరు. వినకండి. దించితే సెక్యూరిటీ సవరణలన్నీ పోతయి, దాన్ని పట్టుకొని ఉన్న ప్యాకేజీలు ఒక్కొక్కటే తీసేయాలంటది.

ఏపీటీ మీద నమ్మకం కుదరనప్పుడల్లా "-ఎస్" పెట్టి ఉత్తుత్తిగ నడిపి చూడండి: "ఏపీటీ-గెట్ -ఎస్ ఇన్‌స్టాల్ ..." అని. చివరకు "రిమూవ్" కింద మీకు తెలిసిన పేర్లు కనపడితే అక్కడనే ఆగాలె.

రెండోది, రిపోర్టు ప్రోగ్రాం. ఈ నంబర్లు ఒక్కసారి రాసి పెట్టుకుంటే చాన పనికొస్తయి. ఉబుంటు 18.04ల జీలిబ్‌సీ 2.27, 20.04ల 2.31, 22.04ల 2.35, 24.04ల 2.39. డెబియన్ 12ల 2.36, రెడ్‌హ్యాట్ 9ల 2.34. కింది దాని మీద కట్టినది పైదాని మీద నడుస్తది, తిరగేస్తే నడవది.

24.04ల 2.39 ఉంటే ఎర్రర్ 2.38 అని ఎందుకొచ్చిందంటే, ప్రోగ్రాం వాడుకున్న ఫంక్షన్లల్ల అన్నిటికన్నా కొత్తది ఏ వెర్షన్‌ల పుట్టిందో అదే అడుగుతది. అదేందో చూడాలంటే:

ఆబ్జ్‌డంప్ -టీ (పెద్ద టీ) రిపోర్టు | గ్రెప్ జీలిబ్‌సీ_2.38

చానసార్లు అక్కడ "ఐసోసీ23_స్ట్ర్‌టోల్" లాంటి పేరు కనపడతది. అక్షరాలను అంకెగ మార్చే పాత ఫంక్షనే అది. 2.38 నుంచి కొత్త సీ ప్రమాణానికి తగ్గట్టు వేరే పేరు తగిలించిండ్రు. కోడ్‌ల ఒక్క అక్షరం మారకున్నా కొత్త మెషీన్ మీద కడితే ఆ కొత్త పేరే పడుతది. అంటే ఆ పిల్లగాడి రాతల తప్పేం లేదు, కట్టిన చోటు మార్చాలె. సోర్స్ ఇక్కడికి తెచ్చి 22.04 మీదనే కట్టండి. లేకపోతే అతని ల్యాప్‌టాప్‌లనే 22.04 కంటెయినర్ (మెషీన్ లోపలనే వేరే ఉబుంటు లైబ్రరీలతోని నడిచే చిన్న అర) లేపి దాంట్ల కట్టమనండి.

"-స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++" పెడితే అయిపోతదని ఎవరన్నా చెప్పొచ్చు. అది "జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్" అనే వేరే ఎర్రర్‌కు మందు, జీలిబ్‌సీకి కాదు. రెండు పేర్లూ దగ్గరదగ్గరగ ఉంటయి, జర చూసి చదవండి.

మొదటిదాని గురించి: మీరు పెట్టిన లింకు వెంటనే తీసేయండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫైలు లోపల ప్రతి ఫంక్షన్ పక్కన ఒక వెర్షన్ ముద్ర ఉంటది. పాత ప్రోగ్రాం "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0" ముద్ర వెతుకుతది, 3 లైబ్రరీల "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0" ఉంటది. బయట పేరు మార్చినంత మాత్రాన లోపలి ముద్ర మారదు. ఇంకా నయం, ముద్ర ఉన్నది కాబట్టి మొదట్లనే పట్టుబడ్డది. ముద్రలు లేని లైబ్రరీకి ఇట్ల లింకు పెడితే ప్రోగ్రాం లేస్తది, నడిమిట్ల తప్పుడు లెక్క చూపుతది, లేకపోతే కూలుతది. కాంటా మీద అది ఇంకా ప్రమాదం.

1.1 లైబ్రరీ 22.04ల లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లే 2023 సెప్టెంబర్ 11తోని 1.1.1ను ఆపేసిండ్రు. 20.04ది తెచ్చి పక్కన పెట్టుకోవచ్చు, పేర్లు వేరు కాబట్టి 3తోని తగాదా ఉండదు. కానీ సిస్టమ్ ఫోల్డర్ల పెట్టకండి, ఫోకల్ (అంటే 20.04) లైను సోర్సెస్‌ల కలపకండి. 20.04 ప్యాకేజీల సైటు నుంచి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 డెబ్ ఫైలు దించుకొని, ఇన్‌స్టాల్ చేయకుండా ఉత్తగ విప్పండి:

డీపీకేజీ-డెబ్ -ఎక్స్ (ఫైలు పేరు) /టీఎంపీ/పాత

దాంట్ల లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1, లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.1.1 అని రెండుంటయి. రెండూ /ఆప్ట్/కాంటా/లిబ్ ఫోల్డర్‌ల పెట్టి, కట్టిన ప్రోగ్రాం ఫైలుల లైబ్రరీ దారి మార్చే ప్యాచెల్ఫ్‌తోని ప్రోగ్రాంకు ఆ దారి చెప్పండి:

ప్యాచెల్ఫ్ --సెట్-ఆర్‌పాత్ '$ఆరిజిన్/లిబ్' కాంటా

ముందుగాల ప్రోగ్రాం ఫైలు ఒక కాపీ తీసి పెట్టుకోండి.


జవాబు 2: దేవరకొండ_డెబియన్

పాలమూరు అన్న చెప్పిన దారి సరైనదే. అయితే ప్యాచెల్ఫ్ దగ్గర ఒక మెలిక ఉన్నది, అది తెలియకపోతే మళ్లీ అదే ఎర్రర్ చూసి తల పట్టుకుంటరు.

ప్యాచెల్ఫ్ ఇప్పుడు పెట్టేది పాత తరహా ఆర్‌పాత్ కాదు, రన్‌పాత్. రన్‌పాత్ ప్రోగ్రాం నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తది. ఆ లైబ్రరీ మళ్లీ ఇంకొకటి అడిగితే దానికి ఈ దారి తెలియది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ తన అవసరానికి లిబ్‌క్రిప్టోను అడుగుతది. మీ కాంటా ప్రోగ్రాం లిబ్‌క్రిప్టోను స్వయంగా అడగకపోతే, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరికి లిబ్‌క్రిప్టో దగ్గర ఆగిపోతది. ఎవరు ఏమడుగుతున్నరో ఇట్ల చూడండి:

రీడ్‌ఎల్ఫ్ -డి కాంటా | గ్రెప్ నీడెడ్ (నీడెడ్, కింద వచ్చే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, టీజెడ్, ల్యాంగ్, డెబియన్_ఫ్రంటెండ్ పెద్దక్షరాల్ల)

దాంట్ల క్రిప్టో లేకపోతే ప్యాచెల్ఫ్‌కు "--ఫోర్స్-ఆర్‌పాత్" కలపాలె. లేదా సర్వీసుకు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఇయ్యాలె. అది ఇస్తే మాత్రం బ్యాష్ఆర్‌సీల రాయకండి, సర్వీసులను లేపే సిస్టమ్‌డీ ఆ ఫైలు చదవదు. టెర్మినల్‌ల నడుస్తది, మెషీన్ రీస్టార్ట్ అయితే నడవదు, ఎందుకో అర్థం కాదు. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ కాంటా" అని కొట్టి సర్వీస్ భాగంల ఎన్విరాన్‌మెంట్ లైనుగ పెట్టండి. మెషీన్ మొత్తానికి వర్తించే /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌ల అసలే వద్దు. అక్కడ పెడితే సంబంధం లేని ప్రోగ్రాంలకు కూడా పాత లైబ్రరీలు దొరుకుతయి.

ఇది చేసినంక కూడా నాకు ఒక అనుమానం ఉన్నది. కాంటా ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్‌తోని మాట్లాడుతది కదా, అంటే లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్.ఎస్‌ఓ.21ను వాడుతుండొచ్చు. 20.04ల, 22.04ల ఆ పేరు ఒక్కటే, అందుకే ప్రోగ్రాంకు కావల్సిన లైబ్రరీలు చూపే ఎల్‌డీడీ కమాండుల అది "నాట్ ఫౌండ్" అని రాదు. కానీ 22.04ల ఆ లైబ్రరీని కట్టింది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 మీద. అప్పుడు ఒక్కటే ప్రోగ్రాం కడుపుల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1, 3 రెండూ ఎక్కుతయి. వెర్షన్ ముద్రలు ఉన్నయి కాబట్టి చానవరకు ఎవరి పని వారు చేసుకుంటరు. ఎల్‌డీడీ కాంటా | గ్రెప్ ఎస్‌ఎస్‌ఎల్ అని కొడితే రెండు లైన్లు వస్తే ఇదే సంగతి. రోజంతా లారీలు ఎక్కి దిగే కాంటా మీద నేనైతే దీన్ని ఉంచను.

నా సలహా కంటెయినరే. పాత ప్రోగ్రాంను పాత లోకంతో సహా పక్కకు కూచోబెట్టుడు. కంటెయినర్లు నడిపే డాకర్.ఐఓ ప్యాకేజీ 22.04లనే ఉన్నది. ఉబుంటు:20.04 ఇమేజ్ (కంటెయినర్‌కు అచ్చు) తీసుకొని దాంట్ల లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1, లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్21, టీజెడ్‌డేటా, ఇంకా ఎల్‌డీడీ అడిగినవన్నీ పెట్టి, /ఆప్ట్/కాంటాను లోపలికి కాపీ చేయండి. కర్నెల్ ఒక్కటే బయటిది, మిగతాదంతా 20.04దే కాబట్టి మొదట ఎట్ల నడిచిందో అట్లనే నడుస్తది. మీ తీరు మెషీన్‌ల చూసుకోవల్సినవి ఇవి:

టైమ్ చూడండి. ఇమేజ్‌ల టైమ్‌జోన్ పెట్టకపోతే యూటీసీ ఉంటది. చీటీ మీద సమయం ఐదున్నర గంటలు వెనక పడతది, తెల్లారుజామున తూచిన లారీకి నిన్నటి తేదీ పడతది. టీజెడ్=ఏషియా/కోల్‌కతా అని ఇయ్యండి. టీజెడ్‌డేటా ఎక్కేటప్పుడు ప్రాంతం అడుగుతూ ఆగిపోతది, డెబియన్_ఫ్రంటెండ్=నాన్‌ఇంటరాక్టివ్ పెడితే ఆగదు.

రైతు పేర్లు తెలుగుల ఉంటే ల్యాంగ్=సీ.యూటీఎఫ్-8 అని కూడా ఇయ్యండి. ఇయ్యకపోతే చీటీ మీద పేరు స్థానంల ప్రశ్నార్థకాలు పడొచ్చు.

డేటాబేస్‌కు --నెట్‌వర్క్=హోస్ట్ పెట్టండి. కాన్ఫిగ్‌ల "లోకల్‌హోస్ట్" అని ఉంటే 127.0.0.1గ మార్చండి. లోకల్‌హోస్ట్ అంటే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ నెట్‌వర్క్‌ల పోదు, సాకెట్ ఫైలు వెతుకుతది. ఆ ఫైలు కంటెయినర్ లోపల ఉండదు.

సీరియల్ తీగకు --డివైస్ ఇయ్యాలె. టీటీవైయూఎస్‌బీ0 అని పెడితే తీగ పోర్టు మారినప్పుడు 1 అయితది. /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉన్న పొడుగు పేరు ఇచ్చి, లోపల టీటీవైయూఎస్‌బీ0గ కనపడేట్టు చేయండి. తీగ పీకి పెడితే కంటెయినర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయాలె, ఇది కాంటా దగ్గర కూచునే మనిషికి చెప్పి పెట్టండి.

--రీస్టార్ట్=అన్‌లెస్-స్టాప్డ్ మరవకండి. లోపలి 20.04కు ఇక మామూలు అప్‌డేట్లు రావు కాబట్టి ఆ ప్రోగ్రాం పోర్టు మిల్లు నెట్‌వర్క్ దాటి బయటికి తెరవకండి.


జవాబు 3: నకిరేకల్_నెట్

అప్‌గ్రేడ్ నడుస్తుండంగ కరెంటు పోయిందా? యాసంగిల మిల్లుల దగ్గర అది మామూలే కాబట్టి అడుగుతున్న. పోయి ఉంటే "డీపీకేజీ --ఆడిట్" కొట్టండి. సగంల ఆగినవి ఏమన్నా చూపిస్తే:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

ఎర్రర్ "నాట్ ఫౌండ్" కాకుండా "ఫైల్ టూ షార్ట్" అని వస్తే లైబ్రరీ పోయినట్టు కాదు, ఫైలు ఉండి లోపల ఖాళీ అయినట్టు. డిస్క్ మీద రాసేలోపే కరెంటు పోతే ఇట్లయితది. "డీపీకేజీ --వెరిఫై" కొడితే మారిన ఫైళ్ల లైన్లల్ల 5 అనే అంకె కనపడతది. ఆ ప్యాకేజీని ఏపీటీ-గెట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్‌తోని మళ్లీ ఎక్కించాలె. 5 పక్కన సీ అని ఉంటే అది కాన్ఫిగ్ ఫైలు, మీరే మార్చి ఉంటరు, దాన్ని ముట్టకండి.

ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌ల ఇలాంటి పని చేస్తే టీమక్స్ అనే ప్రోగ్రాం లోపల చేయండి. నెట్ తెగినా పని నడిమిట్ల ఆగదు.


కాంటా_మిర్యాలగూడ

అందరికీ చాన థ్యాంక్స్ అన్నా. ఒక్కొక్కటి చెప్తున్న.

మూసిన రెండు లైన్లు తెరిచి అప్‌డేట్ కొట్టంగనే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ ఎక్కింది. రిపోర్టు ప్రోగ్రాం సోర్స్ తెప్పించి ఇక్కడనే కట్టిన, నడుస్తున్నది. ఆబ్జ్‌డంప్‌ల నిజంగనే ఆ ఐసోసీ23 పేరే కనపడ్డది. ఆడిట్‌ల ఏం రాలేదు.

కాంటాకు ఎల్‌డీడీల ఎస్‌ఎస్‌ఎల్ రెండు లైన్లు వచ్చినయి, 1.1 ఒకటి, 3 ఒకటి. అందుకే కంటెయినర్ దారే పట్టిన. ప్రోగ్రాం లేస్తున్నది, డేటాబేస్ కలుస్తున్నది, టైమ్ సరిగ్గనే ఉన్నది. కానీ బరువు వస్తలేదు. చూస్తే బయటి మెషీన్‌లనే టీటీవైయూఎస్‌బీ0 కనపడతలేదు. తీగ పెట్టంగనే ఒక్క క్షణం వచ్చి పోతున్నది. 20.04ల ఇదే తీగ నడిచింది. తీగ పోయిందంటరా?


జవాబు 4: పాలమూరు_సర్వర్లు

తీగ పోయి ఉండదు. మీది సర్వర్ కాకుండా డెస్క్‌టాప్ ఎడిషనా? అయితే కర్నెల్ రాసే మెసేజ్‌లు చూడండి:

సుడో డీమెస్గ్ | టెయిల్ -20

"క్లెయిమ్డ్ బై సీహెచ్341 వైల్ బీఆర్‌ఎల్‌టీటీవై సెట్స్ కాన్ఫిగ్" అని, దాని కింద "డిస్కనెక్టెడ్" అని ఉంటే దొంగ దొరికినట్టే. బీఆర్‌ఎల్‌టీటీవై అనేది చూపు లేనివాళ్ల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రాం. కొన్ని బ్రెయిలీ పరికరాలల్ల ఉన్న చిప్, మన అగ్గువ యూఎస్‌బీ-సీరియల్ తీగలల్ల ఉండే సీహెచ్340 చిప్ ఒక్కటే నంబరుతోని వస్తయి, 1ఏ86:7523 అని. 22.04ల ఆ ప్రోగ్రాం ఇది తన పరికరమే అనుకొని పోర్టు లాక్కుంటది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి నంబరు సరిచూసుకోండి. ఆ మెషీన్ దగ్గర బ్రెయిలీ పరికరం వాడేవాళ్లు ఎవరూ లేకపోతే:

సుడో ఏపీటీ రిమూవ్ బీఆర్‌ఎల్‌టీటీవై

తరువాత తీగ పీకి పెట్టి, కంటెయినర్ రీస్టార్ట్ చేయండి. ప్రోగ్రాం రూట్‌గ కాకుండా వేరే యూజర్‌తోని నడుస్తుంటే --గ్రూప్-యాడ్ డయల్‌ఔట్ కూడా కావాలె, లేకపోతే "పర్మిషన్ డినైడ్" అంటది.


కాంటా_మిర్యాలగూడ

అచ్చం అదే లైను ఉన్నది. బీఆర్‌ఎల్‌టీటీవై తీసేసిన, బరువు వచ్చింది. ఖాళీ లారీ, నిండు లారీ రెండూ తూచి చీటీ చూసిన, పేరు తెలుగుల మంచిగ పడ్డది. ఇంకొక్కటే. ఈ డిస్క్ పోతే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్నా?


జవాబు 5: దేవరకొండ_డెబియన్

అక్కర్లేదు. ఇమేజ్‌ను ఒక్క ఫైలుగ తీసి పెన్‌డ్రైవ్‌ల పెట్టుకోండి:

డాకర్ సేవ్ -ఓ కాంటా2004.టార్ కాంటా:2004

వేరే మెషీన్‌ల డాకర్ ఎక్కించి "డాకర్ లోడ్ -ఐ కాంటా2004.టార్" అంటే చాలు, నెట్ లేకున్నా లేస్తది. మీరు వాడిన డాకర్ రన్ లైను మొత్తం ఒక చిన్న ఫైలుల రాసి దాని పక్కననే పెట్టండి, డివైస్, టైమ్‌జోన్, నెట్‌వర్క్ అన్నీ దాంట్లనే ఉన్నయి, ఇమేజ్‌ల ఉండవు. డేటాబేస్ ఈ ఇమేజ్ లోపల లేదు, దానికి మైఎస్‌క్యూఎల్‌డంప్ వేరేగ రోజూ రాత్రి కాంటా మూసినంక తీయాలె.